రిపోర్టు నిండా ‘ఆర్’లే ఉన్నాయి, ఇక నాకు మందు లేనట్టేనా?

గాజువాక నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 47. జగదాంబ సెంటర్ దగ్గర ఒక చీరల షాపులో పదకొండేళ్ళుగా సేల్స్‌లో ఉన్నారు. ఏడాది కాలంలో నాలుగుసార్లు మూత్రంలో మంట వచ్చింది. మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపులో నొప్పి. మొదటి మూడుసార్లూ డాక్టరు దాకా పోలేదు. వీధి చివర మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నారు. ఒకసారి ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన బిళ్ళ, ఒకసారి సిప్రోఫ్లాక్సాసిన్, ఇంకోసారి సెఫిక్సిమ్. రెండు రోజులు వేసుకోవడం, మంట తగ్గగానే మిగిలినవి మందుల డబ్బాలో పడేయడం. ఆ షాపాయన్ని ఆమె అన్నయ్యా అని పిలుస్తారు. కరోనా రోజుల్లో చేతిలో డబ్బు లేనప్పుడు అప్పు మీద మందులిచ్చిన మనిషి.

నాలుగోసారి తగ్గకపోయేసరికి ఒక నర్సింగ్‌హోంకి వెళ్తే యూరిన్ కల్చర్ (మూత్రంలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రాశారు. పొద్దున ఆరింటికి పట్టిన శాంపిల్‌ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళి, మధ్యాహ్నం భోజనం టైములో ల్యాబులో ఇచ్చారు. రిపోర్టులో ఇ.కొలి అనే సూక్ష్మజీవి, ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అని వచ్చింది. పదహారు మందుల పట్టికలో పదింటి ఎదురుగా ‘ఆర్’, అంటే రెసిస్టెంట్, ఆ మందుకు లొంగదని. నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, మెరోపెనెమ్ లాంటి ఆరింటికి ‘ఎస్’, అంటే సెన్సిటివ్, లొంగుతుందని. జ్వరం లేదు, నడుం నొప్పి లేదు, మంట మాత్రం ఉంది. ఐదు రోజులు మెరోపెనెమ్ ఇంజెక్షన్లు చేయించుకోమన్నారు. రోజుకు మూడుసార్లు ఇంజెక్షనంటే షాపుకు సెలవు, జీతంలో కోత. ‘ఎస్’ ఉన్న బిళ్ళ గురించి అడుగుదామనుకుని, డాక్టరుగారు ఏమనుకుంటారోనని నోరు మెదపకుండా వచ్చేశారు. ఇంట్లో భర్త, “అడ్డమైన బిళ్ళలూ మింగి నీ ఒళ్ళు నువ్వే పాడుచేసుకున్నావు” అన్నారు. పెద్దమ్మాయికి ఐదో నెల, శ్రీమంతానికి ఇంటికొస్తోంది. తనకీ ఇది అంటుకుంటుందేమోనని ఈమె ఇప్పటికే సబ్బు, టవలు, కంచం వేరు పెట్టుకున్నారు. భర్తకు దూరంగా హాల్లో పడుకుంటున్నారు. ఆమె అడిగినవి మూడు: నా ఒంటికి ఇక మందులు పనిచేయవా? ఇంజెక్షన్లు చేయించుకోవాల్సిందేనా? శ్రీమంతం రోజున అమ్మాయికి గాజులు నేను తొడగవచ్చా, మా ఆడపడుచు చేత తొడిగించాలా?

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మూడో ప్రశ్న. దానికీ వస్తాను. ముందు ఆ రిపోర్టు సంగతి చూద్దాం.

మైక్రోబయాలజీ ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసిన దాన్ని. ‘ఆర్’ అనే అక్షరం ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. మీ మూత్రంలో దొరికిన సూక్ష్మజీవిని ఒక గుండ్రటి ప్లేటు మీద పరిచి, దానిమీద ఒక్కో మందు అద్దిన చిన్న కాగితం బిళ్ళలు పెడతారు. మర్నాటికి సూక్ష్మజీవి ప్లేటంతా పెరుగుతుంది. మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. దాన్ని స్కేలుతో కొలిచి, సరిపడా ఉంటే ‘ఎస్’ అని రాస్తాం. వలయం మరీ చిన్నదైనా, బిళ్ళ అంచు దాకా పెరిగినా ‘ఆర్’. ఇప్పుడు కొన్ని ల్యాబుల్లో ఈ పని మిషన్లు చేస్తున్నాయి గానీ లెక్క అదే. అంటే మొండికేసింది ఆ సూక్ష్మజీవి, మీ ఒళ్ళు కాదు. రేపు ఇంకో రకం సూక్ష్మజీవి వల్ల ఇన్‌ఫెక్షన్ వస్తే, ఈరోజు ‘ఆర్’ ఉన్న మందే దాని మీద చక్కగా పనిచేయవచ్చు. ఈ రిపోర్టు ఈసారి దొరికిన ఇ.కొలి గురించి మాత్రమే చెబుతోంది.

మూడు రకాల మందులు వాడితే పదింటికి ‘ఆర్’ ఎలా వచ్చిందని మీకు అనిపించి ఉంటుంది. ఈఎస్‌బీఎల్ అంటే ఆ సూక్ష్మజీవి తయారుచేసుకునే ఒక ఎంజైము. పెన్సిలిన్ కుటుంబంలోని చాలా మందుల్ని, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందుల్ని అది ముక్కలు చేసేస్తుంది. దాని తయారీ విధానం ప్లాస్మిడ్ అనే చిన్న జన్యు ముక్క మీద ఉంటుంది. ఆ ముక్కను ఒక సూక్ష్మజీవి పక్కదానికి ఇచ్చేయగలదు. తాళంచెవుల గుత్తి చేతులు మారితే ఇంట్లోని అన్ని గదుల తాళాలూ ఒకేసారి పోయినట్టు, ఒకే ముక్క మీద నాలుగైదు రకాల మందుల్ని ఎదిరించే శక్తి ఉంటుంది. అందుకే మీరు ఎప్పుడూ ముట్టని మందుల ఎదురుగా కూడా ‘ఆర్’ పడింది.

మరి మీ భర్త అన్నమాట నిజమా? అందులో కొంత నిజం ఉంది, అది దాచను. ఇ.కొలి మన పేగుల్లో మామూలుగా ఉండేదే. అక్కడి నుంచి మూత్రనాళంలోకి చేరినప్పుడే గొడవ. యాంటీబయాటిక్ వేసుకున్న ప్రతిసారీ పేగుల్లో మందుకు లొంగే సూక్ష్మజీవులు చస్తాయి, లొంగనివి మిగులుతాయి, వాటికి చోటు దొరుకుతుంది. ఏడాదిలో మూడుసార్లు ఇలా జరిగింది. పైగా ఆర్నిడజోల్‌కి ఇ.కొలి మీద ఏ ప్రభావమూ లేదు. ఆ బిళ్ళ మన ఊళ్ళో విరేచనాలకు తెగ అమ్ముడుపోతుంది గానీ, మూత్రంలో మంటకు అందులోని సగం మందు దండగ. రెండు రోజుల్లో మంట తగ్గిందంటారా, మూత్రసంచి వరకే ఉన్న ఇన్‌ఫెక్షన్ కొందరిలో నీళ్ళు బాగా తాగితే దానంతట అదే సర్దుకుంటుంది. ఘనత బిళ్ళకు పోతుంది.

కానీ మిగతా సగం ఆయన అన్నట్టు లేదు. యాంటీబయాటిక్ ముట్టనివాళ్ళ పేగుల్లో కూడా ఈఎస్‌బీఎల్ సూక్ష్మజీవులు మన దేశంలో చాలామందికి ఉంటున్నాయి. తిండి, నీళ్ళు, చేతులు, మురుగు, ఆస్పత్రులు, ఇలా దారులు చాలా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2013 నుంచి పెద్దాస్పత్రుల ల్యాబుల లెక్కలు సేకరిస్తోంది. ఆ లెక్కల్లో ఇ.కొలి మీద సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ లాంటి మూడోతరం సెఫలోస్పోరిన్‌లు పనిచేసేది సగం కంటే బాగా తక్కువ శాంపిల్స్‌లోనే. మీకు చెప్పిన మెరోపెనెమ్‌కి తోబుట్టువు లాంటి మందు ఇమిపెనెమ్. 2017లో అది సుమారు 81 శాతం ఇ.కొలి మీద పనిచేసేది, 2023 నాటికి సుమారు 63 శాతానికి పడిపోయింది. ఈ అంకెలు ఎక్కువగా పెద్దాస్పత్రుల్లో చేరిన రోగులవి కాబట్టి, ఇంటిదగ్గర మంటతో బాధపడే ప్రతి ఆడమనిషికీ ఇవే వర్తిస్తాయని అనుకోవద్దు. అయినా ఆ పడిపోవడం చూస్తే మాకు గుబులుగా ఉంటుంది. ఇంత పెద్ద విషయంలో తప్పంతా గాజువాకలో ఒక ఇంటావిడ మీద మోపడం న్యాయం కాదు. ఈ మాట మీవారికి చదివి వినిపించండి.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇక్కడ దారులు మూడున్నాయి, ఏ దారి అనేది మీ ఒంట్లో లక్షణాలను బట్టి ఉంటుంది.

మీరు రాసినట్టే జ్వరం, చలి, వాంతులు, పక్కటెముకల కింద వెనకవైపు నొప్పి లేకుండా మంట మాత్రమే ఉంటే, ఇన్‌ఫెక్షన్ మూత్రసంచి దాటలేదని చెప్పవచ్చు. అలాంటప్పుడు రిపోర్టులో ‘ఎస్’ ఉన్న నోటిమందులతో తగ్గే అవకాశం బాగా ఉంది. నైట్రోఫ్యూరాంటోయిన్ 1950ల నుంచి వాడుకలో ఉన్న పాత మందు. అది రక్తంలో పెద్దగా నిలవకుండా మూత్రంలో చిక్కగా చేరుతుంది. ఒకేచోట కాకుండా సూక్ష్మజీవిని నాలుగైదు చోట్ల దెబ్బకొడుతుంది. బహుశా అందుకే ఇన్నేళ్ళయినా ఇ.కొలి దీనికి పెద్దగా అలవాటు పడలేదు. మామూలుగా ఐదు రోజుల కోర్సు, ఖర్చు తక్కువ. ఫాస్ఫోమైసిన్ అయితే మూడు గ్రాముల పొడి, నీళ్ళలో కలుపుకుని ఒక్కసారి తాగితే సరిపోతుంది. ఖరీదు ఎక్కువే గానీ, సెలవు పెట్టలేని మీలాంటివారికి ఒక్క డోసు కావడం పెద్ద వెసులుబాటు.

ఈ దారిలో ఉన్న చిక్కులు కూడా చెప్పాలి. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే నైట్రోఫ్యూరాంటోయిన్ మూత్రంలోకి చేరదు, పైగా చెడు చేస్తుంది. అందుకని ముందు క్రియాటినిన్ పరీక్ష కావాలి. జీ6పీడీ లోపం (పుట్టుకతో ఒక ఎంజైము తక్కువగా ఉండటం) ఉన్నవారు వాడకూడదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వస్తుంది, అన్నం తిని వేసుకోవాలి. మూత్రం ముదురు పసుపుగా, గోధుమ రంగుగా వస్తే కంగారు పడొద్దు, అది మందు రంగే. ఇంకో ముఖ్యమైన సంగతి: మంటకని మెడికల్ షాపుల్లో ఇచ్చే సిట్రేట్ సిరప్ మూత్రంలో ఆమ్లగుణాన్ని తగ్గిస్తుంది, ఈ మందేమో ఆమ్లగుణం ఉంటేనే బాగా పనిచేస్తుంది. రెండూ కలిపి తాగితే చేతులారా మందు బలం తగ్గించుకున్నట్టే. ఐదు రోజులని రాస్తే ఐదు రోజులే వాడండి. పదిరోజులు వాడితే ఇంకా గట్టిగా పోతుందనే లెక్క లేదు.

రెండో దారి డాక్టరుగారు చెప్పిన ఇంజెక్షన్లు. వాటితో మంట తగ్గుతుంది, అందులో సందేహం లేదు. కానీ మీ చేతికి సూది, పనికి సెలవు, వేలల్లో ఖర్చు, పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు కూడా దెబ్బ. అంతకంటే పెద్ద సంగతి, ఇది ఒళ్ళంతా విషమెక్కిన మనిషిని బతికించడానికి దాచుకోవాల్సిన మందు. మూత్రసంచిలో మంటకు దీన్ని వాడితే, రేపు నిజంగా అవసరం వచ్చేసరికి పనిచేయకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది. ఆ అవసరం మీకే రావచ్చు. అయితే ఉత్తరం చదివి రాస్తున్న నాకు కనిపించనిది ఏదో డాక్టరుగారికి కనిపించి ఉండవచ్చు. పొట్ట నొక్కి చూసింది ఆయన, రక్తపరీక్ష చూసింది ఆయన. అందుకే ఇంజెక్షన్ మానేయమని నేను చెప్పడం లేదు, అడగమంటున్నాను. “సార్, నాకు జ్వరం గానీ నడుం నొప్పి గానీ లేదు, రిపోర్టులో నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ ఎస్ అని ఉంది, నాకు నోటిమందు సరిపోతుందా, ఇంజెక్షనే ఎందుకు కావాలి?” ఇంతే. రోగి ఇలా అడిగితే మంచి డాక్టరు చిన్నబుచ్చుకోరు. కారణం చెప్తే మీకు ధైర్యం వస్తుంది, కారణం లేకపోతే చీటీ మారుతుంది. ఒకవేళ ఆయన విసుక్కుంటే ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్ ఓపీలో ఇదే రిపోర్టు చూపించి రెండో మాట తీసుకోవచ్చు. ఒక పూట పోతుంది, నిజమే.

మూడో దారి గురించి ఆలోచించడానికి టైము ఉండదు. చలితో జ్వరం, ఆగని వాంతులు, నడుం పైన ఒకవైపు పోటు, మగతగా అనిపించడం, వీటిలో ఏదొచ్చినా అది కిడ్నీ దాకా పాకి ఉండవచ్చు. నైట్రోఫ్యూరాంటోయిన్ గానీ ఒక్క డోసు ఫాస్ఫోమైసిన్ గానీ అక్కడ పనికిరావు. అప్పుడు ఆ ఇంజెక్షన్లే మందు. జీతం, సెలవు అని చూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి, రిపోర్టు చేతిలో పట్టుకుని.

శాంపిల్ గురించి ఒక మాట. పొద్దున పట్టిన సీసా విశాఖ ఎండలో హ్యాండ్‌బ్యాగులో ఏడు గంటలు ఉంది. వేడిలో ఇ.కొలి చాలా వేగంగా పెరుగుతుంది, అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. కాబట్టి రిపోర్టులో మిల్లీలీటరుకు లక్షకు పైగా సూక్ష్మజీవులని రాసిన అంకెను చూసి బెదరకండి, దాంట్లో కొంత ఆ ఏడు గంటల పుణ్యమే. ‘ఎస్’, ‘ఆర్’ మాత్రం దానివల్ల మారవు. ఈసారి ల్యాబులోనే పట్టి ఇవ్వండి, లేదా రెండు గంటల్లోపు చేర్చండి. మొదటి ధార వదిలేసి మధ్యది పట్టాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి. మంట తగ్గిపోయాక, పోయిందో లేదో చూద్దామని మళ్ళీ కల్చర్ చేయించకండి. లక్షణాలేమీ లేకుండా మూత్రంలో సూక్ష్మజీవులు కనిపించడం వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా కనిపించేదే. దానికి మందు వేస్తే లాభం లేదు, మళ్ళీ మొండివే మిగులుతాయి.

ఈ మాటకు మినహాయింపు గర్భిణులు. మీ అమ్మాయి విషయం అందుకే వేరు. గర్భంతో ఉన్నప్పుడు మంట లేకపోయినా మూత్రంలో సూక్ష్మజీవులుంటే వైద్యం చేస్తారు, లేకపోతే అది కిడ్నీకి పాకే ప్రమాదం ఎక్కువ. తనకు ఇప్పటిదాకా యూరిన్ కల్చర్ చేయించారో లేదో చెకప్‌లో అడగమనండి. మీ రిపోర్టు సంగతి కూడా తన డాక్టరుకు చెప్పమనండి. మీ డబ్బాలో మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రం తన చేతికి అందనివ్వకండి, గర్భంలో అది వాడరు. అయితే మీ పక్కన కూర్చుంటేనో, మీ కంచంలో తింటేనో, కౌగిలించుకుంటేనో తనకు మూత్రంలో మంట రాదు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళ పేగుల్లోకి సూక్ష్మజీవులు చేతుల ద్వారా చేరే మాట నిజమే, దానికి మందు సబ్బు. బాత్రూంకి వెళ్ళొచ్చాక, వంటకు ముందు చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు. మీవారికి కూడా ఇది అంటేది కాదు. హాల్లో చాప మడిచేయండి. దగ్గరైనప్పుడు, తర్వాత లేచి మూత్రానికి వెళ్ళి రావడం మంచి అలవాటు. పేగుల్లోని ఈ మొండి సూక్ష్మజీవులు కూడా, యాంటీబయాటిక్స్ జోలికి పోకుండా ఉంటే, నెలలు గడిచేకొద్దీ చాలామందిలో తగ్గిపోతాయి.

మెడికల్ షాపు అన్నయ్యతో ఏం చెప్పాలని మీరు సూటిగా అడగలేదు గానీ, ఉత్తరంలో మూడుచోట్ల ఆయన ప్రస్తావనే ఉంది. కష్టంలో ఆదుకున్న మనిషికి ఎదురు చెప్పడం సులువు కాదు. ఆయన చెడ్డవాడని నేను అనను. కానీ సెఫిక్సిమ్ లాంటి మందులు 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూల్ కింద ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉన్న ఏ మందైనా చీటీ లేకుండా తెచ్చుకోకూడనిదే. మీరు వేరే షాపుకు మారిపోవచ్చు, అప్పుడు మనసు కష్టం మిగులుతుంది, అవసరానికి అప్పిచ్చే చేయి పోతుంది. లేదా రిపోర్టు కాపీ ఒకటి తీసుకెళ్ళి, “అన్నయ్యా, చూడు, మనం వాడినవేవీ దీనిమీద పనిచేయవట. ఇకనుంచి చీటీ తెస్తాను, మందు మాత్రం నీ దగ్గరే కొంటాను” అనవచ్చు. నాకు రెండోదే నచ్చింది. ఆ కాపీ చూశాక ఆయన మీ వీధిలో ఇంకో ఆడమనిషికి ఊరికే బిళ్ళ ఇచ్చే ముందు ఆగుతాడేమో.

ఇక అన్నిటికంటే ఎక్కువగా నేను మాట్లాడాలనుకున్నది మీరు రెండు వాక్యాల్లో రాసి వదిలేసిన సంగతి. షాపులో ఆడవాళ్ళకు బాత్రూం లేదని, వెనక కాంప్లెక్సులో ఉన్నదానికి వెళ్ళాలంటే సూపర్‌వైజర్ని అడగాలని, అందుకే పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా గ్లాసుడు నీళ్ళతో సరిపెడతానని రాశారు. అమ్మా, మీ జబ్బు మూలం చాలావరకు అక్కడుంది. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వచ్చే, రోజుకు లీటరున్నర లోపు తాగే ఆడవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. రోజుకు అదనంగా లీటరున్నర నీళ్ళు తాగినవారిలో ఏడాదికి సగటున 1.7 సార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, తాగనివారిలో 3.2 సార్లు వచ్చింది. ఏ యాంటీబయాటిక్ లేకుండా దాదాపు సగానికి తగ్గింది. మీరు మాత్రం తాగాలనుకున్నా తాగలేని చోట నిలబడి పనిచేస్తున్నారు.

కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి షాపుల్లో మీలాంటి సేల్స్ ఆడవాళ్ళే బాత్రూం కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి గొడవ చేశారు. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. మీరు ఒక్కరే అడిగితే ఉద్యోగానికి ముప్పు అనే భయం నాకు అర్థమవుతుంది. షాపులో పన్నెండు మంది ఆడవాళ్ళున్నారని రాశారు. వాళ్ళలో ఎంతమందికి ఈ మంట ఉందో అడిగి చూడండి, మీరొక్కరే అయి ఉండరు. నలుగురు కలిసి యజమాని దగ్గరికి వెళ్ళి, మూడు గంటలకోసారి అడగకుండా వెళ్ళొచ్చే వీలు కావాలని అడగడం ఒక పద్ధతి. అది కుదిరేలోపు, ఇంటి నుంచి బయల్దేరే ముందు రెండు గ్లాసులు, భోజనానికి ముందు వెనక రెండేసి, ఇంటికి రాగానే మళ్ళీ రెండు. చోడంబలి, మజ్జిగ, బార్లీ నీళ్ళు, ఏదైనా నీళ్ళ లెక్కే. ఆపుకోవడం మాత్రం మానేయాలి.

ఏడాదిలో నాలుగుసార్లు వచ్చింది కాబట్టి ఒకసారి షుగరు పరీక్ష, రాళ్ళేమైనా ఉన్నాయేమో, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందో లేదో తెలుసుకోవడానికి స్కానింగు చేయించుకోవడం మంచిది. నెలసరి తప్పిపోతోందని కూడా రాశారు. ఆ వయసులో హార్మోను తగ్గి యోని లోపలి పొర పలచబడి ఇన్‌ఫెక్షన్లకు దారిస్తుంది. పైపూతగా వాడే ఈస్ట్రోజెన్ క్రీము చాలామందిలో వీటిని తగ్గిస్తుంది. మీకు సరిపడుతుందో లేదో గైనకాలజిస్టుని అడగండి. సిగ్గుపడి వదిలేయకండి, ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్స్ మింగడం కంటే అది ఎంతో మేలు.

రిపోర్టును ఆధార్ కార్డున్న కవరులోనే పెట్టుకోండి. ఇకపై ఏ డాక్టరు దగ్గరికి, ఏ జబ్బుకి వెళ్ళినా ముందు అది చూపించండి.

శ్రీమంతం రోజున గాజులు మీరే తొడగండి. చేతులు కడుక్కుని, అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, మీ చేత్తోనే తొడగండి.